ఒక్కో మూలా విప్పండి, ఒక్కో మూలా బిగించండి

మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని రెండేళ్ళపాటు అట్టపెట్టెల్లో ఉండిపోయింది. కాకినాడలో సముద్రపు గాలి తగిలే వీధిలో, రేకుల షెడ్డు కింద, టార్పాలిన్ కప్పుకుని పదకొండేళ్ళు నిలబడ్డ కారు అది. ఒక వేసవిలో ఉత్సాహం పట్టలేక మూడు ఆదివారాల్లో మొత్తం విప్పేశాను. సీట్లు, తలుపులు, బానెట్టు, డ్యాష్‌బోర్డు, వైరింగు, బ్రేకు డ్రమ్ములు, చివరికి గ్లాసులు కూడా. నట్లూ బోల్టులూ ఊరగాయ సీసాల్లో పోశాను. ఏ సీసాలోది ఎక్కడిదో గుర్తుంటుందనుకున్నాను. నాలుగో ఆదివారం షెడ్డులోకి వెళ్ళి నిలబడితే ఎక్కడ చెయ్యి పెట్టాలో తోచలేదు. ఆ తర్వాతి ఆదివారం వెళ్ళనే లేదు. అలా రెండేళ్ళు గడిచాయి. అమ్మ ఒక్కసారి కూడా షెడ్డు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎక్కువ బాధపెట్టింది.

చివరికి బస్సు బాడీలు కట్టి రిటైరైన ఒక టింకరింగ్ మేస్త్రిని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. ఆయన షెడ్డులో ఒక చుట్టు తిరిగి, ఇటుకల మీద నిలబెట్టిన బాడీని చూసి ముందు ఆ ఇటుకలు తీయించారు. తర్వాత అడిగారు.

"ఇదంతా విప్పింది నువ్వేనా బాబూ?"

"నేనేనండీ."

"అయితే బిగించేదీ నువ్వే. ముందు ఈ ఎడమ తలుపు పెట్టు. అది సరిగ్గా పడ్డాక రెండో మాట మాట్లాడదాం."

ఆ తలుపు పెట్టడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. కానీ అది పడి, చప్పుడు చేసుకుంటూ మూసుకున్న సాయంత్రం, ఈ కారు మళ్ళీ రోడ్డెక్కుతుందని మొదటిసారి నమ్మకం కలిగింది. ఇంట్లో పాత కారు బాగుచేసుకోవాలనుకునే ప్రతివారికీ నేను ముందుగా చెప్పేది అదే. వచ్చే నెలలోగా తిరిగి బిగించగలనని ధైర్యం ఉన్నంత మేరే విప్పండి. ముందు ఎడమ చక్రం, దాని బ్రేకు, దాని పక్కనున్న మడ్‌గార్డు. అది పూర్తయ్యాకే రెండో మూల. విప్పే ముందు ఫోన్లో నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. విప్పిన బోల్టులను ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి, లోపల చీటీ మీద పేరూ తేదీ రాయండి. పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను రాత నూనె తగిలితే చెరిగిపోతుంది.

పద్మిని లాంటి కారు ఇంటి పనికి బాగా కుదురుతుంది. ఇటలీ ఫియట్ 1100 నమూనా మీద ముంబైలోని కుర్లా ఫ్యాక్టరీలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు 1964 నుంచి డిలైట్ పేరుతో చేసిన కారుకే 1974లో పద్మిని అన్న పేరొచ్చింది. 1089 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, ఒక కార్బురేటర్. పాత మోడళ్ళలో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, మనవాళ్ళు హ్యాండ్ గేరు అనేవారు. కంప్యూటర్ పెట్టి చూడాల్సిందేమీ లేదు. బానెట్టు ఎత్తితే ఏది ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. కుర్లా సీఎస్‌టీ రోడ్డు, ఢిల్లీ కశ్మీరీ గేట్, చెన్నై పుదుపేట, హైదరాబాద్ పుత్లీబౌలి, ఇలా వెతకడానికి చోట్లున్నాయి. దొరకనివి విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద చేయించుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం గుండెలో పెట్టుకోవాలి. జీపుకూ అంబాసిడర్‌కూ తేడా తెలియకపోయినా ఫరవాలేదు గానీ, ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదని మరిచిపోకూడదు. ఫ్లోరు, తలుపుల కింద గడపలా సాగే ఇనుప పెట్టె, టాపు, అన్నీ కలిసి బరువు మోస్తాయి. ఆ గడప తుప్పు పట్టిందంటే ఇంటి దూలానికి చెద పట్టినట్టే. అందుకే ఈ అధ్యాయంలో ఇంజను గురించి తక్కువా, తుప్పు గురించి ఎక్కువా రాస్తున్నాను. ఇంజను ఎప్పుడైనా దించి బాగుచేయవచ్చు. బాడీ పోతే కారు పోయినట్టే.

ముందు కాగితాలు

పైసా ఖర్చుపెట్టే ముందు ఆర్‌సీ తీసి చూడండి. ప్రైవేటు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్ళకూ రెన్యువల్, దానికి ఫిట్‌నెస్ పరీక్ష. ఆర్‌సీ ఎవరి పేరున ఉందో, ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ కారు మీదున్న వాటితో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. నాన్నగారు పోయారంటే పేరు మార్పు ముందు చేయించుకోవాలి. రంగు మారిస్తే అదీ ఆర్‌సీలో నమోదు కావాలి. నంబరు కొట్టిన చోట గ్రైండింగ్ మెషిన్ ఆనించకండి, అక్కడి తుప్పును చేత్తో మెల్లగా తీయండి. ఆ అంకెలు అరిగిపోతే కారు ఎవరిదో రుజువు చేసుకోలేని పరిస్థితి వస్తుంది.

50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని కార్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. అలాంటి బండిని రోజువారీ తిరగడానికి వాడకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్ళవచ్చు. మొదటి పద్మినులు ఇప్పుడు ఆ వయసుకొచ్చాయి. బాడీ, ఇంజను మార్చేస్తే ఆ అర్హత పోవచ్చు కాబట్టి అసలు భాగాన్ని పారేసే ముందు పదిసార్లు ఆలోచించండి.

లప్పం కింద ఏముందో

ఒక చిన్న అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టండి. కారు కింది అంచు వెంబడి అర అడుగు చొప్పున ఆనిస్తూ వెళ్ళండి. ఇనుమున్న చోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. జారిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత పాత స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి ఇనుము మోగుతుంది, పోయిన ఇనుము మొద్దుగా పలుకుతుంది.

మా కారు బయటికి అందంగానే ఉండేది. ఎడమ తలుపు కింద ఆ గడప దగ్గర అయస్కాంతం పట్టలేదు. మేస్త్రిగారు స్క్రూడ్రైవర్ మొన ఆనించి కాస్త నొక్కారు. పిడిదాకా దిగిపోయింది. అలాగే తిప్పితే బొటనవేలంత మందాన లప్పం పెచ్చు ఊడి కింద పడింది. దాని వెనక మడిచి కుక్కిన దినపత్రిక. తడిసి ఆరి అట్టలా బిగుసుకున్న ఆ కాగితం మీద ఒక సినిమా ప్రకటన, సగం మొహం ఇంకా కనిపిస్తోంది. ఏళ్ళ క్రితం నాన్నగారు డబ్బిచ్చి చేయించిన రిపేరు అది. ఇనుము పోయిన చోట ఇనుము వేయకుండా కాగితం కుక్కి, పైన లప్పం పూసి, రంగు కొట్టారు. నాన్నగారు ఆ కారులో మమ్మల్ని ఎక్కించుకుని అన్నవరం ఘాట్‌రోడ్డు ఎన్నిసార్లు ఎక్కారో తలచుకుంటే ఒళ్ళు జలదరించింది.

"రంగు చూసి మోసపోకు బాబూ. ఇది ఇనుము కాదు, కాగితం" అన్నారాయన. ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది.

చూడాల్సిన చోట్లు ఇవి. ముందు అద్దం బీడింగు ఎండి పగిలితే నీళ్ళు కారి ముందు సీట్ల కాళ్ళ దగ్గర మ్యాటు కింద నిలుస్తాయి, ఫ్లోరు అక్కడే పోతుంది. తలుపు అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రాలుంటాయి. మట్టితో పూడుకుంటే తలుపు లోపలి నుంచి కుళ్ళుతుంది. డిక్కీలో స్టెపినీ కింద గుంట, మడ్‌గార్డు అంచు మడత, యాసిడ్ చిందిన బ్యాటరీ పళ్ళెం. పొక్కు పైకి రూపాయి బిళ్ళంత కనిపించినా లోపల అరచేయంత ఉండటం మామూలే. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు పైకి లేచేది అందుకే.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలీ నీరూ రెండూ కావాలి. ఉప్పు తోడైతే పని త్వరగా సాగుతుంది. కోస్తాలో ఉన్నవాళ్ళకు ఇది ఒక కాలనియమం కూడా. వానాకాలంలో ఇనుమును బయటపెట్టకండి. రంగు గీకిన రేకు మీద గంటల్లోనే పసుపురాసినట్టు కొత్త తుప్పు లేస్తుంది. కార్తీకం దాటి గాలి ఆరాక మొదలుపెట్టి, వేసవి ముగిసేలోగా ఆ మూలకు ప్రైమర్ పడేలా చూసుకోండి. ఉదయం గీకింది సాయంత్రానికి ప్రైమర్ కిందికి వెళ్ళాలి. ఆ రోజు ఎంత పూర్తి చేయగలరో అంతే గీకండి.

తుప్పు తీసే పని

చిన్న భాగాలకు, అంటే బోల్టులు, కబ్జాలు, బ్రాకెట్లకు, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. వేడినీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున బ్రష్షుతో రుద్ది, వంటసోడా నీళ్ళలో కడిగి, ఎండలో ఆరబెట్టి వెంటనే నూనె రాయండి. ఎక్కువసేపు వదిలేస్తే మంచి ఇనుమునూ తినేస్తుంది, స్ప్రింగుల లాంటివాటిని అందులో వేయకండి.

కాస్త పెద్ద భాగాలకు కరెంటు పద్ధతి ఉంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి బట్టల సోడా కలపండి. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు నెగెటివ్ తీగ తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ తీగ ఒక పనికిరాని ఇనుపముక్కకు తగిలించండి. రెండూ ఒకదానికొకటి ఆనకూడదు. ఆ పనికిరాని ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, దానిలోంచి విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి వస్తుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. కాబట్టి ఆరుబయటే చేయాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, చెయ్యి పెట్టే ముందు చార్జరు ఆపాలి. ఒక పూట గడిచాక తీస్తే తుప్పు నల్లటి మెత్తటి మడ్డిలా చేతికొస్తుంది.

బాడీ రేకు మీద గ్రైండింగ్ మెషిన్‌కు వైరు బ్రష్షు బిగించి పెచ్చులన్నీ దులపాలి. కళ్ళద్దాలు లేకుండా ఒక్క నిమిషం కూడా వద్దు, ఆ వైర్లు ఊడి సూదుల్లా ఎగురుతాయి. మూలల్లో ఉప్పుకాగితం, స్క్రూడ్రైవర్ మొనే దిక్కు. ఎంత రుద్దినా రేకు గుంటల్లో గోధుమరంగు మిగులుతుంది. దానికోసం రస్ట్ కన్వర్టర్ అని డబ్బాలు అమ్ముతారు. వాటిలో కొన్నిటి గుట్టు మన శ్రీకాళహస్తి కలంకారీవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. తుప్పు ఇనుపముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి నల్లరంగు చేస్తారు. గుడ్డను ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. కలం ఆనగానే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నీటికి కరగని నల్లటి పదార్థంగా మారుతుంది. కన్వర్టర్ డబ్బాలో ఉన్నదీ ఆ టానినే, కొన్నిటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. బ్రష్షుతో పూసిన చోట గోధుమరంగు నీలిమతో కూడిన నలుపుకు తిరగడం మొదటిసారి చూసినప్పుడు నేను పని ఆపి అక్కడే కూర్చుండిపోయాను. అయితే ఇది పలచటి పొరకే పనిచేస్తుంది. పెచ్చుల మీద పూస్తే పై పొర నల్లబడి లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

పెచ్చులు దులిపాక చిల్లులు పడితే ఆ ముక్క కోసి కొత్త రేకు వేయాల్సిందే, వేరే దారి లేదు. 20 గేజు సీఆర్ షీటు, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం, ఫ్లోరుకు సరిపోతుంది. ముందు అట్టముక్కతో నమూనా కత్తిరించి చూసుకోండి. మెరిసే ఇనుము వచ్చేదాకా కోయాలి, బలహీనమైన అంచుకు వెల్డింగు పట్టదు. తలుపుల కింది గడప కోసేటప్పుడు ఒక వైపే కోయాలి. కోసే ముందు తలుపు ద్వారానికి అడ్డంగా ఒక ఇనుప పైపు వెల్డు చేయించాలి, లేకపోతే బాడీ ఒంగిపోయి ఆ తర్వాత తలుపు ఏ జన్మకూ మూసుకోదు. మేస్త్రిగారు నాచేత ముందు తలుపే ఎందుకు పెట్టించారో నాకు అప్పుడు తెలిసింది. తలుపుకూ బాడీకీ మధ్య సందు సమానంగా ఉందో లేదో చూసుకుంటూ పనిచేయడానికి అదే కొలబద్ద.

వెల్డింగు మీకు రాకపోతే నేర్చుకునేదాకా పనికిరాని రేకుల మీద చేయండి, లేదా పనివాణ్ణి పిలవండి. సీఓటూ వెల్డింగు పలచటి రేకును తక్కువ వంచుతుంది. ఎవరు చేసినా ఒకే గీతగా లాగనివ్వకండి. దూరం దూరంగా టాకాలు వేస్తూ, చల్లారనిస్తూ, మధ్యలో మళ్ళీ టాకాలు వేస్తూ పూర్తి చేయాలి. ముందు బ్యాటరీ తీసేయాలి, పెట్రోలు ట్యాంకు కారు నుంచి దించి దూరంగా పెట్టాలి, సీట్లూ మ్యాట్లూ బయటికి తీయాలి. బకెట్టు నీళ్ళూ, మంటలార్పే సిలిండరూ పక్కనే ఉండాలి. పని ముగిశాక అరగంట అక్కడే ఉండండి. లోపల ఎక్కడో బీడింగు రబ్బరు నెమ్మదిగా రాజుకుంటుంది.

తర్వాత ఎపాక్సీ ప్రైమర్. మామూలు ప్రైమర్ తేమను పీలుస్తుంది, ఎపాక్సీ ఆపుతుంది. లప్పం వాడకూడదని కాదు, చిన్న సొట్టకు అది మంచిదే, కానీ ప్రైమర్ మీద పలచగా వేయాలి. గడప లోపలి బోలుకు మైనం కలిసిన రస్ట్ ప్రూఫ్ స్ప్రే గొట్టంతో పంపించండి. అడుగున నల్లటి తారు కోటింగ్ కొట్టిస్తే చాలని చాలామంది సలహా ఇస్తారు. తుప్పు మీద అది కొట్టిస్తే తేమను లోపల బంధించినట్టే. నేనైతే ఒప్పుకోను. చివరి రంగు మాత్రం పెయింటర్‌కే వదిలేయండి. గట్టిపడే రసాయనం కలిపి కొట్టే రంగుల ఆవిరి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఇంటి షెడ్డులో గుడ్డ కట్టుకుని చేసే పని కాదది.

ముందు ఆగాలి, తర్వాత కదలాలి

కారు కదిలే ముందు బ్రేకులు బాగుండాలి. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఏళ్ళపాటు నిలబడ్డ కారులో వీల్ సిలిండర్లు బిగుసుకుపోయి ఉంటాయి. రబ్బరు కప్పులన్నీ మార్చండి, గొట్టాలు మార్చండి, కొత్త బ్రేక్ ఆయిల్ పోసి గాలి తీయించండి. పాత లైనింగులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ములోని దుమ్మును ఊదకండి, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. జాకీ ఎత్తడానికి మాత్రమే. కిందికి దూరే ముందు ఇనుప స్టాండ్లు పెట్టాలి. ఇటుక పైకి గట్టిగా కనిపిస్తుంది, బరువు పక్కకు ఒరిగితే ఒక్కసారిగా పగులుతుంది. మేస్త్రిగారు మా ఇంట్లో అడుగుపెట్టగానే వాటిని తీయించింది అందుకే.

ఇంజను దగ్గర తొందర వద్దు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి మూడు రోజులు వదిలేయండి. ప్లగ్గులు పెట్టకుండానే టాప్ గేరులో వేసి కారును మెల్లగా తోయండి, తిరిగితే అదృష్టం. తిరగకపోతే బలవంతం చేయకుండా మళ్ళీ నూనె పోసి ఆగండి. ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులను అది పాడుచేస్తుంది, తేమనూ పీలుస్తుంది. పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. నెలల తరబడి నిలబెట్టేటట్టయితే కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టండి.

మా కారుకు ఆ ఎడమ తలుపు పెట్టినప్పటి నుంచి ఫిట్‌నెస్ పరీక్ష దాకా పంతొమ్మిది నెలలు పట్టింది. నోటుపుస్తకంలో లెక్కచూస్తే పనిచేసిన ఆదివారాలు అరవై రెండు. పండగలు, పెళ్ళిళ్ళు, జ్వరాలు, తుఫాన్లు పోగా మిగిలినవి అవే. ఏ ఆదివారమూ నాలుగు గంటలు మించి పనిచేయలేదు. మొదటిరోజు అమ్మ ముందు సీట్లో కూర్చుని తలుపు తనే వేసుకుంది.

మీ ఇంట్లోనో, మీ పెద్దనాన్నగారి ఊళ్ళోనో ఇలాంటి కారు టార్పాలిన్ కింద ఉంటే, ఈ ఆదివారం డ్రైవరు సీటు ముందున్న మ్యాటు ఒక్కటి ఎత్తి, అయస్కాంతం ఆనించి చూడండి. కనిపించింది తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. తలుపులు మాత్రం అప్పుడే విప్పకండి.